మా గోడ మీద కమలం పువ్వు, మా చిన్నాయన, వెంకయ్య నాయుడు

ఉదయగిరి వైపు వాళ్లు బయటి ఊళ్లో ఎవరితోనైనా తమ ఊరు గురించి చెప్పాలంటే రెండే గుర్తులు. ఒకటి కొండ మీది దుర్గం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర్నుంచి గెలుచుకుని, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయినాడే, ఆ దుర్గం. రెండోది, "వెంకయ్య నాయుడు ఎమ్మెల్యేగా గెలిచింది మా దగ్గరే" అనే మాట. రాయల మాట చెబితే తలాడించి ఊరుకుంటారు. వెంకయ్య నాయుడి మాట చెబితే మాత్రం కూర్చోబెట్టి మాట్లాడతారు.

నిజానికి ఆయన మా వాడు కాడు. 1949 జూలై 1న పుట్టింది నెల్లూరుకు దక్షిణాన, వెంకటాచలం పక్కనున్న చవటపాలెంలో. నెల్లూరు జిల్లా అనగానే అందరికీ పెన్న కాలవలు, మొలగొలుకులు, చేపల పులుసు గుర్తొస్తాయి. అదంతా ఆ వైపు సంగతి. మాది మెట్ట. జొన్న, సజ్జ, కంది, కాస్త నీళ్లున్న చోట పొగాకు. చెరువు నిండితే ఆ ఏడు పెళ్లిళ్లు, నిండకపోతే నెల్లూరుకో మద్రాసుకో కూలికి. పల్లపోళ్ల పిల్లను మెట్టకు ఇవ్వాలంటేనే నాలుగుసార్లు ఆలోచించే రోజులవి. అట్టాంటిది ఆ వైపు నుంచి వచ్చిన కుర్రాడిని, పట్టుమని ముప్పై ఏళ్లు కూడా లేనివాడిని, మా వాళ్లు అసెంబ్లీకి పంపించారు.

మా ఇంట్లో ఆయన పేరు మొదట తెచ్చింది మా చిన్నాయన. చిన్నాయన నెల్లూరులో వి.ఆర్. కాలేజీలో చదివాడు. వేంకటగిరి రాజా పేరు మీదున్న కాలేజీ అది. వెంకయ్య నాయుడు కూడా అక్కడి విద్యార్థే, 1971లో విద్యార్థి సంఘం అధ్యక్షుడు. తరవాత విశాఖపట్నంలో లా చదువుతూ ఆంధ్రా యూనివర్సిటీలో కూడా కాలేజీల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు, అంటే తెలంగాణలో ఉద్యోగాలు అక్కడి స్థానికులకేననే నియమాలు, చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఆంధ్రకు వేరే రాష్ట్రం కావాలని జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది. బెజవాడలో కాకాని వెంకటరత్నం, నెల్లూరులో ఈ విద్యార్థి నాయకుడు. ట్రంకు రోడ్డు మీద ఊరేగింపులో చిన్నాయన లాఠీ దెబ్బ తిన్నాడు. మోచేతి మీద ఆ మచ్చ జీవితాంతం ఉండిపోయింది. పండక్కి బంధువులొస్తే చాలు, చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించేవాడు. "చాల్లేరా, పోలీసోడు దారి తప్పి కొట్టినాడు నిన్ను" అనేవాడు మా తాత.

తాతది కాంగ్రెస్. అంటే పార్టీ సభ్యత్వం, జెండా, అవేవీ లేవు. ఇందిరమ్మ అంటే గురి. ఎమర్జెన్సీలో కొడుకు స్నేహితులను జైల్లో వేసినా ఆయనకు చీమ కుట్టలేదు. "రైళ్లు టైముకు వస్తన్నాయంట కదా" అని ఒకటే మాట. మా ఊరికి రైలే లేదు, అది వేరే సంగతి. వెంకయ్య నాయుడు అప్పటికి జయప్రకాశ్ నారాయణ్ పేరుతో నడిచిన విద్యార్థి సంఘర్ష సమితికి రాష్ట్రంలో కన్వీనరు. ఆయన కూడా జైలుకు పోయాడు. బయటికొచ్చాక 1977లో జనతా తరఫున ఒంగోలు లోక్‌సభ స్థానానికి నిలబడితే ఓడిపోయాడు. దేశమంతా ఇందిరమ్మను ఓడించినా మన దగ్గర గాలి అటు మళ్లలేదు. 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కడే జనతా తరఫున గెలిచాడు. ఆ ఫలితాలు రేడియోలో విన్న రోజు మా తాత ఇంటిల్లిపాదికీ బెల్లం పంచాడని మా అవ్వ చెప్పేది. చిన్నాయన ఆ పూట అన్నం తినలేదంట.

మరుసటేడు 1978 ఫిబ్రవరిలో అసెంబ్లీ ఎన్నికలు. కాంగ్రెస్ రెండు ముక్కలైంది, కానీ చెన్నారెడ్డి నాయకత్వంలో ఇందిరా కాంగ్రెస్ ఊడ్చేసింది. ఆ ఊపులోనూ ఉదయగిరిలో వెంకయ్య నాయుడి జనతా గుర్తు, చక్రంలో నాగలి పట్టిన రైతు, గెలిచింది. నేను చిన్నపిల్లోణ్ణి. అరుపులు, జీపు వెనక పరుగులు తప్ప నాకేం మిగల్లేదు.

బాగా గుర్తున్నది 1983.

అప్పటికి జనతా చెల్లాచెదురై, 1980 ఏప్రిల్‌లో భారతీయ జనతా పార్టీ పుట్టి మూడేళ్లు కాలేదు. నాగలి పట్టిన రైతు పోయి కమలం పువ్వు వచ్చింది. మా మెట్ట ఊళ్లలో కమలం పువ్వు దేవుడి పటంలో లక్ష్మీదేవి కింద చూడటమే గానీ, చెరువులో చూసిన వాళ్లు తక్కువ. గుర్తు జనానికి నోటికి రావాలంటే గోడలన్నీ నింపాలని చిన్నాయన పట్టు. డబ్బులు లేవు. పెయింటు డబ్బా కొనే స్తోమత కార్యకర్తలెవరికీ లేదు. సున్నం తొట్టిలో నానేసి, జాజు మెత్తగా నూరి, బట్టలకు పెట్టే నీలిమందు కలిపి రంగులు తయారు చేశారు. ఈతబరికె చివర రాయి పెట్టి నలగ్గొడితే పీచు లేచి కుంచెలాగా అవుతుంది. సన్న గీతకు సన్న బరికె, నింపడానికి లావుది. తొట్టి పట్టుకుని వెనకాల తిరగడం నా ఉద్యోగం. చేతులకు సున్నం తగిలి వేళ్ల సందుల్లో పొక్కిపోయేది. రాత్రి అవ్వ నెయ్యి రాసేది.

చిన్నాయనకు బొమ్మలు రావు. మా ఊరి రచ్చబండ వెనక గోడ మీద మొదటి పువ్వు వేశాడు. కింద గుండ్రంగా, పైన మొన తేలి, రేకులు నిలువు గీతలు. ఎదురింటి పెద్దమ్మ చేటలో బియ్యం చెరుగుతా చెరుగుతా వచ్చి, తల ఒక పక్కకు వంచి చూసి, "ఎర్రగడ్డ బానే ఏసినావురా అబ్బయ్యా, ఇంకో నాలుగేస్తే తూకానికి వస్తాయి" అనింది. మా వైపు ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. ఊరంతా నవ్వు. అయితే ఆ నవ్వే పని చేసింది. పోలింగు నాటికి ముసలోళ్లు కూడా "ఎర్రగడ్డ గుర్తు" అంటే ఏది అని అడక్కుండా సరైన చోట ముద్ర కొట్టారు. చిన్నాయన మాత్రం పెద్దమ్మతో ఆరు నెలలు మాట్లాడలేదు.

ఇంకో పక్క సైకిలు. 1982 మార్చిలో పార్టీ పెట్టిన ఎన్టీఆర్ చైతన్యరథం మీద రాష్ట్రమంతా తిరుగుతున్నాడు. రాముణ్ణీ కృష్ణుణ్ణీ తెర మీద చూసిన ఆడవాళ్లు ఆయన్ను రోడ్డు మీద చూస్తే ఊరుకుంటారా. మా అమ్మ, అత్తలు, అవ్వ అందరూ సైకిలే. నాయన ఎటూ చెప్పడు. తాత చెయ్యి. చిన్నాయన పువ్వు. అన్నాలు తినేటప్పుడు కంచాలు మోగేవి. "ఆయప్ప మంచోడే, మాటకారే, కాదనను. గెలిస్తే ఏం చేస్తాడు? గవర్నమెంటు ఆయప్పది కాదు కదా" అనేది వెంకయ్య నాయుడి మీద తాత వాదం. ఇప్పటికీ ప్రతి ఎన్నికలో ప్రతి ఊళ్లో వినపడే వాదమే అది. దానికి చిన్నాయన దగ్గర సరైన జవాబు ఉండేది కాదు. "అడిగేవాడు కావాలి నాయనా, ఇచ్చేవాళ్లు ఎట్టయినా ఇస్తారు" అనేవాడు.

దుత్తలూరు వైపు ఒక మీటింగుకు నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. చలికాలం. సాయంత్రం అన్నారు, రాత్రి తొమ్మిదైనా మనిషి రాలేదు. పెట్రోమాక్స్ లైట్లకు పురుగులు మూగి కింద రాలుతున్నాయి. జనం లేస్తున్నారు, కూర్చుంటున్నారు. స్థానిక నాయకులు మాట్లాడిందే మాట్లాడుతున్నారు. చివరికి తెల్ల పంచె, తెల్ల చొక్కాతో వెంకయ్య నాయుడు వచ్చాడు. గొంతు పూర్తిగా పోయి ఉంది. ఈ గొంతుతో ఏం మాట్లాడతాడబ్బా అనుకున్నా. కాసేపు చిన్నగా మాట్లాడాడు, జనం ముందుకు జరిగారు. అంతే, ఆ గొంతులోంచే ప్రాసలు మొదలయ్యాయి. ఒక మాట అంటే దానికి తోడు ఇంకోటి, దానికి జోడు ఇంకోటి. చేతిలో కాగితం లేదు. కోపంగా మొదలుపెట్టిన వాక్యం నవ్వు మీద ముగిసేది. పక్కనున్న రైతు ఒకాయన బీడీ నోట్లో పెట్టుకుని వెలిగించడం మర్చిపోయాడు. జనసంఘం సిద్ధాంతం, జాతీయవాదం, కాశ్మీరు, అవన్నీ ఆ మీటింగులో ఎంతమందికి ఎక్కాయో గానీ, ఈ మనిషి హైదరాబాదులో లేచి నిలబడితే మన మెట్ట సంగతి వినపడుతుంది అన్న నమ్మకం మాత్రం అందరికీ కుదిరింది. నా అంచనాలో మా వాళ్లు ఓటేసింది దానికే. ఉదయగిరి ఎప్పుడూ కాషాయ నియోజకవర్గం కాదు, ఆ తరవాతా కాలేదు. సంప్రదాయవాద పార్టీని మోసుకొచ్చిన మనిషిని చూసి ఓటేశారు, పార్టీని చూసి కాదు.

1983 జనవరి 5న పోలింగు. రెండు వందల పైచిలుకు సీట్లతో సైకిలు రాష్ట్రాన్ని చుట్టేసింది. ఆ ఊపులో మొత్తం రాష్ట్రంలో కమలానికి మిగిలినవి మూడే మూడు సీట్లు. అందులో ఒకటి మాది. ఫలితం తెలిసిన రాత్రి చిన్నాయన ఎర్రగడ్డ గోడ దగ్గర టపాకాయలు కాల్చి, పెద్దమ్మ ఇంటి వైపు ఒకటి ఎక్కువ వేశాడు.

అసెంబ్లీలో వెంకయ్య నాయుడు, కల్వకుర్తి జైపాల్ రెడ్డి ఒకే బెంచీ మీద కూర్చుని ప్రభుత్వాన్ని ఉతికి ఆరేస్తుంటే పత్రికల వాళ్లు ఆ జంట కవుల పేరుతో తిరుపతి వేంకట కవులు అనేవాళ్లంట. పేపరు మా ఊరికి మధ్యాహ్నం బస్సులో వచ్చేది. బడి పంతులు ముందు చదివి, చిన్నాయన తరవాత చదివి, ఆ పైన తాత చేతికి పోయేది. తాత వెంకయ్య నాయుడి ప్రశ్న ఉన్న పేజీని మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశా. ఎవరికీ చెప్పొద్దని నాకు పిప్పరమెంటు ఇచ్చాడు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేసినప్పుడు, ఆ నెల రోజుల ప్రజాస్వామ్య పోరాటంలో వెంకయ్య నాయుడు ఎన్టీఆర్ పక్కన నిలబడ్డాడు. మా ఇంట్లో సైకిలూ పువ్వూ కలిసి భోజనం చేసింది ఆ నెలలోనే.

1985లో ఆయన ఆత్మకూరుకు మారాడు, చాలా కొద్ది తేడాతో ఓడిపోయాడు. మా వాళ్లు "మమ్మల్ని వదిలిపెట్టి పోతే అంతే మరి" అని మూతి ముడుచుకున్నారు. కొంచెం సంతోషపడ్డారు కూడా, దాచడం ఎందుకు. ఆ తరవాత ఆయన నేరుగా జనం ఓటుతో ఎక్కడా గెలవలేదు. 1996లో హైదరాబాదు లోక్‌సభకు నిలబడితే అక్కడ సలావుద్దీన్ ఒవైసీ. ఇంతటి పార్లమెంటేరియన్‌ను లోక్‌సభకు పంపిన నియోజకవర్గం ఒక్కటీ లేదు. ఈ మాట అంటే చిన్నాయనకు మంటెత్తేది. "రాజ్యసభ పార్లమెంటు కాదా?" అనేవాడు. పార్లమెంటే. కానీ ఆయన 1998 నుంచి మూడుసార్లు వెళ్లింది కర్ణాటక నుంచి, 2016లో అక్కడ "వెంకయ్య సాకయ్య", అంటే కన్నడంలో ఇక చాలయ్యా, అని జనం సోషల్ మీడియాలో గోల చేస్తే రాజస్థాన్ నుంచి. పంచె కట్టిన నెల్లూరు మనిషి జైపూరు ప్రతినిధి అయ్యాడు.

మా జిల్లా చిత్రమే అది. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1952లో మొదటి రాజ్యసభలో కమ్యూనిస్టుల నాయకుడు. సైకిలు మీద పార్లమెంటుకు పోయేవాడని చెబుతారు. అదే జిల్లా నుంచి పూర్తిగా ఆ రెండో కొసన ఉన్న మనిషి పోయి అదే సభకు అధ్యక్షుడయ్యాడు. కావలి వైపు బస్సెక్కితే ఇద్దరి అభిమానులూ పక్కపక్క సీట్లలో కనపడేవాళ్లు.

ఢిల్లీ సంగతులు మీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తా. కుర్రతనంలో వాజపేయి నెల్లూరు వస్తే జట్కాలో మైకు పట్టుకుని ఊరంతా చాటింపు వేసిన మనిషి, ఆ వాజపేయి మంత్రివర్గంలోనే 2000లో గ్రామీణాభివృద్ధి మంత్రి అయ్యాడు. గ్రామ సడక్ యోజన మొదలైంది ఆ ఏడు డిసెంబరు 25నే. 2002లో పార్టీ జాతీయ అధ్యక్షుడు, 2004 ఓటమి తరవాత ఆ పదవి వదులుకున్నాడు. 2014లో మోదీ ప్రభుత్వంలో పట్టణాభివృద్ధి, పార్లమెంటరీ వ్యవహారాలు. మా ఊరికి తారురోడ్డు పడినప్పుడు అది ఏ పథకం కింద పడిందో, ఏ ప్రభుత్వం వేసిందో చిన్నాయనకు అనవసరం. "సడక్ యోజన ఎవరి టైములో వచ్చింది? మరి?" అంతే.

ఇద్దరం గట్టిగా పోట్లాడుకున్నది మాత్రం రాష్ట్రం విడిపోయినప్పుడు. జై ఆంధ్ర అని లాఠీ తిన్నవాడు చిన్నాయన. ఆయన దృష్టిలో రెండు రాష్ట్రాలు కావడం తప్పేం కాదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ ప్రత్యేక హోదా అయిదేళ్లు అంటే, వెంకయ్య నాయుడు లేచి పదేళ్లు కావాలని పట్టుబట్టాడు. టీవీ ముందు చిన్నాయన చప్పట్లు కొట్టాడు. 2016 సెప్టెంబరుకు హోదా పోయి ప్యాకేజీ వచ్చింది. దాన్ని సమర్థిస్తూ ఊరూరా మాట్లాడింది కూడా ఆ గొంతే. "అడిగేవాడు కావాలన్నావు కదా చిన్నాయనా, ఇప్పుడు ఇచ్చే చోటే ఉండాడు, మరి ఇవ్వలేదేం?" అన్నా. చొక్కా చెయ్యి మడవలేదు, మచ్చ చూపించలేదు. "ప్రభుత్వంలో ఉన్నోడికి ప్రభుత్వం మాటే నోట్లోకొస్తుందిరా" అన్నాడు. తాత ఉండి ఉంటే ఆ పూట భలే ఆనందించేవాడు. నాకు ఇప్పటికీ ఆ విషయంలో కోపం పోలేదు. మంచి ఉపన్యాసకుడు ఏ వైపైనా వాదించగలడు, జనం ముందు అది బలం, ఆ జనానికే ఒక్కోసారి అది నష్టం.

2017 జూలైలో ఉపరాష్ట్రపతి అభ్యర్థి అనేసరికి చిన్నాయన డీలా పడిపోయాడు. ఫోన్లో అభినందనలు చెబితే ఏడుపు గొంతు. ఉషాపతిగానే బాగున్నా, రాష్ట్రపతీ వద్దు ఉపరాష్ట్రపతీ వద్దు అని భార్య పేరు మీద ఛలోక్తి విసిరిన మనిషి, ఇప్పుడు పార్టీకి రాజీనామా ఇవ్వాలి. ఏడాదిన్నర కూడా నిండక ముందే తల్లి ఎద్దు కుమ్మి చనిపోతే, తనకు పార్టీయే తల్లి అయిందని, దాన్ని వదిలిపోవడం బాధగా ఉందని ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. పల్లెలో పెరిగిన వాళ్లకు ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. మా ఇంట్లో కొట్టంలో ఎద్దుల దగ్గరికి పిల్లల్ని పోనిచ్చేవాళ్లు కాదు. అవ్వ అయితే కొమ్ములకు గంటలు కట్టించింది.

ఆగస్టు 5న 516 ఓట్లు, ఎదుట గోపాలకృష్ణ గాంధీకి 244. ప్రమాణ స్వీకారం 11న. అక్కడి నుంచి అయిదేళ్లు రాజ్యసభ చైర్మన్. సభలో కాగితం పెట్టేటప్పుడు వేడుకుంటున్నాను అనే ఇంగ్లీషు పాలన నాటి మాట అక్కర్లేదన్నాడు. 2018లో డోగ్రీ, కాశ్మీరీ, కొంకణి, సంతాలీ, సింధీ కూడా చేర్చి 22 భాషల్లో మాట్లాడుకునే ఏర్పాటు చేశాడు. చిన్నాయన మధ్యాహ్నం నిద్ర మానేసి రాజ్యసభ టీవీ పెట్టుకునేవాడు. సభ్యులు గోల చేసి సభ వాయిదా పడితే రిమోటు మంచం మీద విసిరేసేవాడు. "ఈయప్ప మాట్లాడితే వినాలనుకుంటే, ఈయప్ప పనేమో ఇంకోరిని కూర్చోమనడం!" అని ఆయన బాధ. అది నిజం. మాటతో బతికిన మనిషిని అందరికీ టైము పంచే కుర్చీలో కూర్చోబెట్టారు.

2019 జూలైలో జైపాల్ రెడ్డి చనిపోయారు. సభలో సంతాపం చదువుతూ చైర్మన్ గొంతు పూడిపోయి ఆగిపోయాడు. ఒకరు కాంగ్రెస్, ఒకరు బీజేపీ, నలభై ఏళ్ల స్నేహం. చిన్నాయన నాకు ఫోన్ చేసి, పాత పేపర్లు మీ నాయన ఇనప్పెట్టెలో ఉన్నాయేమో చూడు అన్నాడు. వెతికాం. తాత మడిచి దాచిన పేజీలు దొరికాయి, పసుపు పచ్చగా, మడత దగ్గర చిరిగి. వాటిని చూసి చిన్నాయన చాలాసేపు తాతను తిట్టాడు.

అదే ఏడు సెప్టెంబరు 1న వెంకటాచలం–ఓబులవారిపల్లె రైలు మార్గంలో ఆరు కిలోమీటర్ల పైచిలుకు సొరంగాన్ని ఉపరాష్ట్రపతి జాతికి అంకితం చేశాడు. వెలిగొండలను తొలిచి కృష్ణపట్నం పోర్టుకు దగ్గర దారి వేశారు. మరుసటేడు జనవరిలో మైసూరు నుంచి ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం కూడా వెంకటాచలానికే వచ్చింది. స్వర్ణ భారత్ ట్రస్ట్ ఉన్నదీ అక్కడే. పల్లపోళ్లకే అన్నీ అని మా మెట్ట జనం గొణుక్కోకుండా ఎట్టా ఉంటారు.

ఆయన పదవీకాలం 2022 ఆగస్టుతో ముగిసింది, 2024లో పద్మవిభూషణ్ వచ్చింది. చిన్నాయన అది చూసి పోయాడు. ఆయన పిల్లల్లో ఒకడు ఒక ప్రాంతీయ పార్టీ, ఇంకొకడు రెండో ప్రాంతీయ పార్టీ. కమలం ఎవరూ కాదు. నడికుడి నుంచి శ్రీకాళహస్తి దాకా వేస్తున్న రైలు మార్గం కనిగిరి, పామూరు మీదుగా మా మెట్టను తాకుతూ పోతుంది. పోయిన సంక్రాంతికి ఇద్దరూ దాని ఖ్యాతి ఏ నాయకుడిదో తేల్చుకోవడానికి కూర్చున్నారు. మా అమ్మ వచ్చి, ముందు రైలు రానియ్యండి, మీ తాత టైము చూసుకునేదానికి ఎదురుచూస్తుండాడు అనింది.